నీ పసరమేదే?

“ఏమే సుంకా, నీ పసరమేదే?”

మా పరిశోధనా క్షేత్రం గేటు దగ్గర నిలబడి హంపత్త నన్ను అడిగిన మొదటి మాట ఇదే. బాగున్నావా లేదు, తిన్నావా లేదు. ఆమె వెనక నూటఅరవై గొర్రెలు, భుజాన నల్ల కంబళి, చేతిలో ఆమెకంటే పొడుగైన కట్టె. శ్రావణం సగం గడిచినా మా అనంతపురం పల్లెల్లో చుక్క వాన పడని ఏడు అది. గొర్రెల డొక్కలు ఎండిపోయి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

ఆమె ఎందుకలా అడిగిందో చెప్పాలి. మా కురుబల్లో ఒక కట్టుబాటు ఉంది. చేనుగలవాడు మందను మేపుకొమ్మని పిలిస్తే, ముందు తన సొంత పసరాన్ని ఒకదాన్ని ఆ చేలో మేపాలి. ఆవైనా సరే, మేకపిల్లైనా సరే. అది మేసి, పడుకుని, నెమరు వేసేదాకా కాపరి గట్టు మీద కూర్చుంటాడు. ఆ తర్వాతే మంద దిగుతుంది. దీనికంతటికీ కారణం జొన్న. జొన్న కూడా గడ్డిజాతే కదా. నీళ్లు చాలక ముడుచుకున్న లేత జొన్నలో, కోసిన దుబ్బు నుంచి మళ్లీ లేచిన పిలకల్లో విషం పుడుతుంది. దాన్ని నాము అంటారు. నాము బాగా మేసిన గొర్రె పావుగంట బతకడం కష్టం.

ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్న పోయాక నన్ను పెంచింది హంపత్తే. ఆమె మంద వెనకే తిరిగి, కాలేజీలకు పోయి, గడ్డి మీదే డాక్టరేట్ తెచ్చుకుని, ఈ ల్యాబ్‌లో చేరాను. అంత చదివినదాన్ని నాకు పసరం ఎందుకు? జేబులోంచి కాగితం తీశాను.

“పసరం లేదత్తా. ఇదిగో, కాగితముంది. విషం సున్నా అని రాసి, కింద నేనే సంతకం పెట్టినా.”

అత్తకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, సంతకం మీద బొటనవేలు పెట్టింది.

“ఇది నీ చెయ్యేనా?”

“నాదే.”

“నువ్వు రాస్తే ఇంగేమిలే” అని కట్టె పైకెత్తి ఈల వేసింది. మంద లోపలికి దిగింది.

ఆ చేలో ఉన్న జొన్న మామూలుది కాదు. నాలుగేళ్ల కష్టం అది. అసలు ఆ కష్టం మొదలైంది మా జిలానీ మతిమరుపుతో. జిలానీ మా ల్యాబ్ అసిస్టెంటు. చేతి పని భేషుగ్గా ఉంటుంది, జ్ఞాపకం మాత్రం దేవుడెరుగు. మేనకోడలి నిఖాకు కదిరి పోయి, ఒక వరస జొన్న కుండీలకు మూడు రోజులు నీళ్లు పోయించడం మరిచాడు. నేను ల్యాబ్ కప్పు ఎగిరిపోయేలా అరిచాను. అరిచి, ఆ కుండీలను పరీక్షకు తీశాను. నీళ్లు లేని వరసలో ఆకుల అడుగున ఉండే సన్నని రంధ్రాలు మూసుకుని ఉన్నాయి. అది మామూలే, తడి బయటికి పోకుండా గడ్డి చేసే పని. వేళ్లకు దాహమైతే ఒక రసాయనం తయారై ఆకులకు చేరుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి. ఆశ్చర్యం అవతలి వరసలో కనపడింది. దానికి రోజూ నీళ్లు అందాయి, మట్టి తడిగానే ఉంది. అయినా ఆ ఆకులు కూడా మూసుకున్నాయి. మధ్యలో ఫ్యాన్ తిరుగుతోంది, ఇటు గాలి అటు పోతోంది.

అంటే దాహంతో ఉన్న గడ్డి ఏదో ఆవిరి వదులుతోంది. పక్క గడ్డి దాన్ని పట్టుకుని, కరువు తన దాకా రాకముందే జాగ్రత్త పడుతోంది. ఆ ఆవిరిని గాజు బుడ్డీల్లో పట్టుకోవడానికి రెండేళ్లు, దాన్ని మేమే తయారుచేయడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. దానికి ‘కబురు’ అని పేరు పెట్టాం. మొలక జానెడున్నప్పుడు చేను మీద కబురు చల్లితే, జొన్న కరువొచ్చిందని నమ్మి మొదటి రోజు నుంచే పొదుపుగా తాగుతుంది. చుట్టుపక్కల వానాధారపు చేలన్నీ మాడి మట్టిరంగు తేలినా, మా క్షేత్రంలో జొన్న నడుమెత్తున పచ్చగా నిలబడింది. చూడ్డానికి వచ్చిన రైతు ఒకాయన ఆకు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు గర్వం కలగలేదంటే అబద్ధమవుతుంది.

ఆ గర్వంతోనే అత్తకు కబురంపాను. ప్రతి ఏడూ ఈ కాలానికి ఆమె మందను తోలుకుని కాలువ కింది ఊళ్లకు వలస పోతుంది. “ఈ ఏడు పోవద్దత్తా, ముసలి ఒళ్లు పెట్టుకుని ఎంత దూరమని నడుస్తావు? నా దగ్గర గడ్డుంది, రా” అన్నాను. ఆమె వలస మానుకుని వచ్చింది.

మంద దిగిన పది నిమిషాలకు మొదటి గొర్రె ఒకటి తూలింది. ఎండదెబ్బేమో అనుకున్నాను. రెండోది మోకాళ్ల మీద పడి నోరు తెరిచి ఎగశ్వాస పెట్టింది. అత్త పరుగున పోయి దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు ఎర్రగా, తాంబూలం నమిలినట్టు ఉన్నాయి.

“నామే! ఓయమ్మా, నాము! తోలండే! బయటికి తోలండే!”

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. నేను, జిలానీ, కాపలా మనిషి, మా డైరెక్టర్ పురుషోత్తం సార్‌తో సహా అందరం కట్టెలు పట్టుకుని గొర్రెలను అదిలించాం. ఆకలి మీదున్న గొర్రె పచ్చని గడ్డి వదిలి వస్తుందా? ఒకదాన్ని లాగితే రెండు లోపలికి దూరాయి. అత్త బెల్లం నీళ్లు కలిపి దొరికినదానికల్లా గొంతులో పోసింది. పశువుల డాక్టరు సూదిమందు తెచ్చేసరికి నలభైఒకటి గట్టు పొడుగునా పడి ఉన్నాయి. కాళ్లు తన్నుకుంటున్నవాటిలో ఐదో ఆరో సూదితో లేచాయి.

అత్త నన్ను తిట్టలేదు. తిడితే కాళ్ల మీద పడేదాన్ని. కంబళి తీసి, చనిపోయిన ఒక తల్లిగొర్రె మీద కప్పింది. దాని పక్కన నాలుగు రోజుల పిల్ల ఒకటి, నుదుట తెల్లచుక్కతో, ఇంకా పాలకోసం పొదుగు పొడుస్తోంది. అత్త ఆ పిల్లను ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

“పెంచుకో” అంది. అంతే. మిగిలిన మందను తోలుకుని, ఎండలోనే కాలువ దారి పట్టింది.

మర్నాడు ల్యాబ్‌లో నేను మనిషిలా లేను. సున్నా అని కాగితం చెప్పింది, గొర్రెలు చచ్చాయి. ఈ రెండూ ఎట్లా కుదురుతాయి? విషాన్ని కనిపెట్టే పద్ధతి తేలికైనదే. ఆకు నలిపి గాజు గొట్టంలో వేసి, మందు పూసిన పసుపు కాగితాన్ని పైన వేలాడదీసి బిరడా పెట్టాలి. విషముంటే పసుపు కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. మా కాగితాలు మూడు వందలు, అన్నీ పసుపే.

“జిలానీ, నమూనా కోసినప్పటి నుంచి ఏం చేస్తావో ఒక్కొక్కటి చెప్పు” అన్నాను.

“ఏముంది మేడమ్, కోసి తెస్తా. చీటీ అంటిస్తా. పొయ్యిపెట్టెలో పెట్టి రెండు రోజులు ఎండబెడతా. ఎండినాక పొడి కొట్టి...”

“ఎండబెడతావా?”

“మీరే గదా మేడమ్ చెప్పింది. అన్ని నమూనాలకూ అంతే గదా.”

నేనే చెప్పాను. గడ్డి మీద చేసే పరీక్షలన్నిటికీ ఎండబెట్టి పొడి కొట్టడమే పద్ధతి. తడి బరువు రోజుకో రకంగా ఉంటుంది, ఎండు బరువు నికరం. ఆ అలవాటులో చెప్పాను. ఆ మాట వినగానే స్టూలు మీద కూలబడ్డాను. ఎందుకంటే ఎండితే నాము పోతుంది. ఆ సంగతి మా ఊళ్లో ఏడేళ్ల పిల్లకు తెలుసు. అనుమానం ఉన్న జొన్నను కోసి, మిద్దె మీద పరిచి, బాగా ఎండాక గొర్రెలకు వేయాలి. ఆ మోపులు మిద్దె మీదికి మోసిన పిల్లను నేనే. తల మీద జొన్న గరుకు ఇంకా గుర్తుంది. తెల్లకోటు వేసుకోగానే అదెక్కడికి పోయింది? ఛీ, నా చదువు తగలెయ్య! మూడు వందల సార్లు విషాన్ని నేనే ఆరబెట్టి పోగొట్టి, మూడు వందల సార్లు లేదని రాశాను.

జిలానీ పరుగున పోయి పచ్చి ఆకు కోసుకొచ్చాడు. బిరడా సరిగ్గా బిగించక ముందే కాగితం ఎర్రబడింది. కంచె బయట, మేము ఏమీ చల్లని, బోరు నీళ్లు పారే పక్క చేలోంచి ముదురు జొన్న ఆకులు కూడా తెచ్చాడు. అవీ ఎర్రబడ్డాయి. కబురు కంచె దాటి పోతోంది. కరువొచ్చిందని నమ్మిన గడ్డి నీళ్లు పొదుపు చేయడంతో ఆగలేదు. ఎండిన కాలంలో తనను ఎవరూ కొరక్కుండా కాపాడుకోవడానికి విషం కూడా తయారుచేసుకుంది. మా అబద్ధాన్ని అది పూర్తిగా నమ్మింది.

పురుషోత్తం సార్ చెడ్డవాడు కాదు. చచ్చిన గొర్రెలను చూసి రెండు రోజులు అన్నం తినలేదని వాళ్లావిడ చెప్పింది. కానీ ఆయనకు జిల్లాలోని మాడిన చేలన్నీ కళ్లముందు ఉన్నాయి.

“ఎండబెట్టి మేపండి అని కబురు సీసా మీద అచ్చు వేద్దాం సుంకులమ్మా. ఈ మందు ఆపితే ఎన్ని కుటుంబాలు గంజి లేక వలస పోతాయో ఆలోచించు.”

“మనుషులు చదువుతారేమో సార్. గొర్రెలు చదవవు కదా. పక్క చేనువాడు సీసా కొనడు కూడా.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఒక ఏడాది ఇస్తా. విషం పుట్టని కబురు చెయ్యి” అన్నాడు.

చేశాను. కబురులో ఉన్నది ఒక్క ఆవిరి కాదు, పదకొండు. వాటిలో రంధ్రాలు మూయమనేవి ఏవి, విషం చెయ్యమనేవి ఏవి అని ఒక్కోదాన్ని తీసేసి చూడాలి. పొద్దున ల్యాబ్‌కు పోతే సాయంత్రం క్వార్టర్స్‌కు రావడం, వచ్చేసరికి గుమ్మంలో చుక్కి అరుస్తూ ఉండటం. ఆ తెల్లచుక్క పిల్లకు పెట్టిన పేరు అది. మొదట్లో సీసాతో పాలు పట్టాను. తర్వాత నా చీర కుచ్చిళ్లు నమిలింది, ప్రాజెక్టు రిపోర్టు రెండో అధ్యాయం నమిలింది, జిలానీ చెప్పు ఒకటి నమిలింది. “మేడమ్, దీనికి ఏ విషమూ ఏం చేయదు” అని జిలానీ నవ్వాడు, వెంటనే నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. నాకెవరూ లేరని ఎప్పుడూ ఏడవలేదు కానీ, చుక్కి వచ్చాక ఇల్లు చేరడానికి తొందరగా నడిచేదాన్ని. అది నా గొంతు వింటే చాలు, మంచం కింద నుంచి గెంతుకుంటూ వచ్చేది.

పది నెలలకు పదకొండులో నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటితో చేసిన కొత్త కబురు చల్లితే జొన్న నీళ్లు పొదుపు చేసింది, విషం చేయలేదు. ఈసారి పచ్చి ఆకే పరీక్ష చేశాం. రెండు వందల గొట్టాలు, రెండు వందల పసుపు కాగితాలు. పైనుంచి మూడో ఆకు, మొక్కకు ఒకటి, వరసకు పది. ఎక్కడా తప్పు జరక్కుండా ప్రతి ఆకూ నేనే కోశాను. సార్ మొహం వెలిగింది. సీసాలకు ఆర్డర్ సిద్ధం చేసి, నా సంతకం కోసం పత్రం నా బల్ల మీద పెట్టాడు.

సంతకం పెట్టేముందు అత్తకు కబురంపాను. రాదనుకున్నాను. వచ్చింది. మంద తగ్గింది, ఆమె నడుమూ ఒంగింది. గేటు దగ్గర ఆగి, చేను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

“ఏమే సుంకా, నీ పసరమేదే?”

“ఉందత్తా. తెస్తా” అన్నాను.

చుక్కి మెడకు తాడు కట్టి తెచ్చాను. అత్త దాని నుదుటి చుక్కను గుర్తుపట్టింది. తల్లిగొర్రె పేరేదో గొణుక్కుని దాని చెవులు నిమిరింది. ఆ పైన కట్టుబాటు ప్రకారం గట్టెక్కి కూర్చుంది. సార్ చెట్టు నీడన నిలబడ్డాడు, జిలానీ గాజు గొట్టాల పెట్టె పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. గేటు తీశాడు కాపలా మనిషి. పైన మబ్బు కూడా లేదు, చేను మాత్రం పచ్చగా ఊగుతోంది.

తాడు వదలాలి. అంతే నేను చేయాల్సింది.

చుక్కి మెడ చాచింది. అది పైనుంచి మూడో ఆకు కోసం చూడలేదు. నడుమెత్తు జొన్న వైపు తలే ఎత్తలేదు. గట్టు వారగా, పోయిన కోతలో మిగిలిన దుబ్బుల మొదట్లో రెండు వేళ్ల ఎత్తున లేత పిలకలు లేచి ఉన్నాయి. వాటివైపు ముక్కు పెట్టి తాడు లాగుతోంది. గొర్రె కదా, లేతదే ముందు వెతుక్కుంటుంది. ఆ పిలకలు నా రెండు వందల గొట్టాల్లో ఒక్కదాంట్లోనూ లేవు. పంట మొక్క కాదని ఎప్పుడూ కోయలేదు.

నా చెయ్యి తాడు చుట్టూ బిగుసుకుపోయింది. చుక్కి ఇంకా గట్టిగా లాగింది. అరచెయ్యి ఒరుసుకుపోతోంది, అయినా వేళ్లు విడివడలేదు. పోయినేడు నూటఅరవై ప్రాణాలను ఒక కాగితం చూపించి ఇదే గేట్లోంచి లోపలికి పంపినదాన్ని, ఇవాళ ఒక్క పిల్లను పంపలేకపోతున్నాను. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాను.

“మేడమ్?” అన్నాడు జిలానీ.

“ఆ పిలకలు కోసుకురా. గట్టు వారవి. అవే.”

కోశాడు. నలిపి గొట్టంలో వేశాడు, కాగితం వేలాడదీసి బిరడా పెట్టాడు. చుక్కి నా కొంగు నములుతోంది. కాసేపు కాగితం పసుపుగానే ఉంది, సార్ ఊపిరి వదిలాడు. తర్వాత కాగితం అంచున చిన్న మరక లేచింది. మరక పెరిగి, చూస్తుండగానే కాగితమంతా ఇటుక రంగుకు తిరిగింది.

“సుంకులమ్మా, అది రెండో చిగురు” అన్నాడు సార్ మెల్లగా. “పంటలో లెక్క కాదు.”

“గొర్రె ముందు తినేది అదే సార్.”

ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుని, జిలానీకి తిరిగిచ్చి, ఆఫీసు వైపు నడిచిపోయాడు. సాయంత్రం నా బల్ల మీద చూస్తే సంతకం పత్రం లేదు, వెనక్కి తీసుకున్నాడు. దాని చోట ఒక చీటీ ఉంది: ‘పిలకల నుంచి మళ్లీ మొదలుపెడదాం.’

కానీ అది సాయంత్రం సంగతి. సార్ అటు పోగానే అత్త గట్టు దిగి నా దగ్గరికి వచ్చింది. నా పిడికిలి పట్టుకుని, ఒక్కో వేలూ విడదీసి, తాడు తన చేతిలోకి తీసుకుంది. నా అరచేతిలో తాడు ఒరుసుకున్న గీత ఎర్రగా ఉంది. దాన్ని తన పైటచెంగుతో అద్దింది. కోపం లేదు ఆ మొహంలో, అందుకే నాకు ఇంకా భయమేసింది.

“పోయినేడు నా మందకు గూడా ఇట్లే తాడు పట్టుకోకపోతివే, సుంకా.”

తల వంచుకుని నిలబడ్డాను. అత్త తాడు మళ్లీ నా చేతిలో పెట్టి, మంద వైపు తిరిగి ఈల వేసింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి కాలువ దారిలోకి మళ్లాయి. చుక్కి వాటివైపు చూసి ఒకసారి అరిచింది.

“వచ్చేడు వస్తాలే” అంది అత్త, నడుస్తూనే. “అడగను గూడా అడగను. నీ పసరం లోపల మేస్తాంటే చూసి దిగుతా.”